నాలుగు అంచుల బంగారం

మేస్త్రీ కుడిచేతి చూపుడువేలికి గళ్ల రుమాలు పీలిక ఒకటి చుట్టి ఉంది. మాసి నల్లబడింది గాని ముడి మాత్రం సడలలేదు. గోడౌన్‌లోకి వచ్చిన డిటెక్టివ్ చూపు ముందుగా దాని మీదే పడింది.

"వేలు ఎప్పుడు తెగింది?"

"మంగళవారం పొద్దున్నండీ. కెమిస్టుగారికి రేకు మూల కోసి ఇస్తున్నప్పుడు."

"కత్తెర తగిలిందా?"

"ముప్ఫై ఏళ్ల నుంచి రేకులు కోస్తున్నాను. కత్తెర నా మాట వింటుందండీ. కోసిన ముక్కే తగిలింది. కొత్తగా తెగిన అంచు బ్లేడు లాంటిది, ఇలా అందిస్తుంటే గీరుకుపోయింది."

"ఎన్నింటికి?"

"పదీ పావు. గంట కొట్టి పావుగంట అయింది."

"కట్టు ఎవరు కట్టారు?"

మేస్త్రీ వేలిని ఇంకో చేత్తో మూశాడు.

"ఆయనేనండీ. జేబులో రుమాలు తీసి పర్రున చించారు. ఇంత మంచి రుమాలు ఎందుకు సార్ పాడుచేస్తారు అంటే, నీ వేలు కంటే మంచిదా ఏంటయ్యా అన్నారు. మధ్యాహ్నానికి పోయారు. విప్పబుద్ధి కావడం లేదు."

డిటెక్టివ్ తల ఊపాడు. ఒకప్పుడు కాలేజీలో రసాయన శాస్త్రం చెప్పిన మనిషి. కుర్రాళ్లు పెట్టిన భూతద్దం మాస్టారు అన్న పేరు ఉద్యోగం వదిలేసినా ఆయన్ని వదల్లేదు. ఎదుటివాడు మాట మింగుతుంటే తొందరపెట్టే అలవాటు ఆయనకు లేదు.

గోడ పక్కన పెట్టెలు వరసగా పేర్చి ఉన్నాయి. నలభై రేకులు. లోపల రాగి, పైన బంగారం. ఇంకా వస్తువుగా మారని, సగం తయారైన సరుకు. దిగుమతి కాగితంలో వాటిని 'బంగారు పూత వేసిన రాగి రేకులు' అని రాశారు.

తిరకాసంతా ఆ పూత అన్న మాటలోనే ఉంది. రాగి మీద బంగారం రెండు రకాలుగా ఎక్కుతుంది. ఒకటి పూత. రేకును ద్రావణంలో ముంచి కరెంటు పెడితే ఉల్లిపొర కంటే పలచగా బంగారం అంటుకుంటుంది, గిల్టు నగకు అంటుకున్నట్టు. అలాంటి సరుకు సుంకాల పట్టికలో రాగి కిందకే వస్తుంది. రెండోది తాపడం. అసలైన బంగారు రేకును రాగి మీద పరిచి, కాల్చి, రోలర్ల మధ్య నొక్కి ఒకటి చేస్తారు. అది ఖరీదైన లోహాల కిందకి వస్తుంది, సుంకం ఎన్నో రెట్లు. పైకి చూస్తే రెండూ ఒకేలా మెరుస్తాయి. ఏది ఏదో తేల్చవలసింది కస్టమ్స్ ప్రయోగశాల.

ప్రయోగశాల పెద్ద కెమిస్టుకు ఈ సరుకు మీద అనుమానం వచ్చింది. మంగళవారం పదీ పావుకి ముక్క కోయించి తీసుకెళ్లాడు. ఒంటిగంటా పావుకి తన గదిలోనే యాసిడ్ పొగకి ఊపిరాడక చచ్చిపడి ఉన్నాడు. ఉబ్బసం మనిషి, ఎక్కువసేపు తట్టుకోలేకపోయాడు. ఇవాళ శుక్రవారం.

"ఈ పెట్టెలు విప్పి ఇంకో ముక్క కోసివ్వగలవా?"

"చిటికెలో పనండీ. కానీ వర్గీకరణ అధికారిగారి సంతకం లేకుండా సీలు ముట్టుకుంటే నా కొంప మునుగుతుంది. పొద్దున్నే అడిగాను. రిపోర్టు వచ్చేశాక మళ్లీ కోత ఎందుకన్నారు. నాలుగింటికి లారీ వస్తోంది."

డిటెక్టివ్ గడియారం చూసుకున్నాడు. రెండూ ఇరవై అయిదు.

"నీ కత్తెర ఒక గంట నా దగ్గర ఉంచనా?"

"పట్టుకెళ్లండి. పదునుంది, జాగ్రత్త."

*

ప్రయోగశాల బయట నడవాలో ఒక చెక్క బెంచీ, దాని పైన గోడకి బూడిదరంగు ఇనుప పెట్టె ఉన్నాయి. బెంచీ మీద ఆ సరుకును కస్టమ్స్ నుంచి విడిపించే క్లియరింగ్ ఏజెంటు కూర్చుని ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా, ఒళ్లో ఫైలు. డిటెక్టివ్‌ను చూడగానే లేచి నమస్కారం పెట్టాడు. బెంచీ కిర్రుమంది.

"నాలుగింటికల్లా అయిపోతుందా సార్? లారీవాడు గొడవ పెడుతున్నాడు."

"ఏది అయిపోవాలో దాన్ని బట్టి ఉంటుంది," అన్నాడు డిటెక్టివ్.

కొంచెం అవతల కుర్చీలో ప్రయోగశాల సహాయకురాలు కూర్చుని ఉంది. ముప్ఫై దాటని మనిషి, మూడు రోజుల్లో కళ్ల కింద నీడలు దిగిపోయాయి. పక్కన మహిళా కానిస్టేబులు నిలబడి ఉంది. ఉన్న ఒక్క కుర్చీ ముద్దాయికి ఇచ్చి తాను నిలబడటం ఆ కానిస్టేబులు డ్యూటీలో లేని పని. డిటెక్టివ్ అది గమనించి, మనసులో ఆమెకో దణ్ణం పెట్టుకున్నాడు.

"పాపకి జ్వరం ఎలా ఉందమ్మా?" అని అడిగాడు సహాయకురాలిని.

"నిన్న రాత్రి తగ్గిందట సార్. మా అమ్మ ఫోన్ చేసి చెప్పింది. ఇవాళ నన్ను తీసుకెళ్లిపోతే..." ఆమె ఆపేసింది.

"వచ్చారా భూతద్దంగారూ," అంటూ గదిలోంచి ఇన్‌స్పెక్టర్ బయటికి వచ్చాడు. డిటెక్టివ్‌ను పెట్టుకున్న కెమిస్టు అక్కగారు మేజిస్ట్రేటు దగ్గర తెచ్చుకున్న అనుమతి కాగితం అతని చేతిలో ఊగుతోంది. "పోలీసు, కస్టమ్స్ అధికారి సమక్షంలో ఒక్కసారి గది చూడొచ్చు అని ఉంది. ఒక్కసారే. చూసుకోండి. నాలుగింటికి ఈవిణ్ని తీసుకుని నా దారిన నేను పోతాను. మీరు ఆయన అక్కగారికి ఓదార్పు ఉత్తరం రాసుకోండి."

"ఈవిడ చేసిందేమిటో నాకు మీ నోట వినాలనుంది."

"ఎన్నిసార్లు చెప్పాలి? గదిలో పొగ లాగే ఫ్యాను ఆగిపోయి ఉంది. స్విచ్చు ఆఫ్‌లో ఉంది. దాని మీద ఈవిడ వేలిముద్రలు. పోయిన నెల సెలవు దగ్గర ఆయనతో మాటా మాటా అనుకుంది. మంగళవారం భోజనానికి వెళ్లినట్టు వెళ్లి, ముందే వచ్చి, ఫ్యాను కట్టేసి, బయట గడియ పెట్టి, ఒంటిగంటా పావుకి మళ్లీ తీసి కేకలు పెట్టింది. వాచ్‌మన్ భోజనానికి పోయాడు, ఎప్పుడొచ్చిందో చూసినవాడు లేడు."

"నేను ఆపలేదు సార్," అంది ఆమె. ఆ మాట ఎన్నిసార్లు అన్నదో, అందులో ఇప్పుడు ఉసురు లేదు. "వచ్చేసరికే ఫ్యాను ఆగి ఉంది. స్విచ్చు మాత్రం ఆన్‌లోనే ఉంది. నాలుగైదుసార్లు నొక్కాను. తిరగలేదు. కంగారులో ఆఫ్‌లో వదిలేశానేమో. ఆపింది నేను కాదు."

"స్విచ్చు ఆన్‌లో ఉంటే ఫ్యాను దానంతటదే అలిగిందా? మేం వచ్చి వేస్తే చక్కగా తిరిగింది."

"మామూలుగా ఎన్నింటికి వెళ్తావమ్మా భోజనానికి?" డిటెక్టివ్ ఆమెనే అడిగాడు.

"పన్నెండున్నరకి. ఆ రోజు పన్నెండూ పదికే పంపేశారు. పాపకి జ్వరమని పొద్దున చెప్పాను. ఆ కాసేపు పక్కన కూర్చో, మందు కంటే ముందు అది పనిచేస్తుంది అన్నారు."

ఆ ఇరవై నిమిషాల దయ లేకపోతే ఆ గదిలో ఇద్దరు పోయేవాళ్లు. బతికినందుకు ఇప్పుడు ఈమెను దోషిగా నిలబెట్టారు.

*

గది చిన్నది. ఒకే తలుపు, లోపలివైపు ఆకుపచ్చ రంగు వేసిన ఇనుప రేకు. ఒకే కిటికీ, దుమ్ము పడకుండా పగలని మందపాటి అద్దం బిగించేశారు, బయట ఊచలు. మూలన గాజు తలుపున్న పొగ అల్మారా. యాసిడ్ పని అందులోనే చేస్తారు. దాని నెత్తిన ఉన్న గొట్టంలో ఫ్యాను గుర్రుమంటూ తిరుగుతోంది.

సరుకుల సుంకం ఖరారు చేసే వర్గీకరణ అధికారి అప్పటికే లోపల ఉన్నాడు. సన్నగా, శుభ్రంగా, చంకలో సుంకాల పుస్తకం పెట్టుకుని. ఆ పుస్తకంలో ఏ పేజీ అడిగినా చూడకుండా చెప్పగలడని ఆఫీసులో పేరు.

డిటెక్టివ్ తలుపు ముందు గొంతుకూర్చున్నాడు. లోపలి గొళ్లెం దగ్గర ఆకుపచ్చ రంగు సన్నటి చారలుగా లేచిపోయి ఉంది. జానెడు ఎత్తులో మళ్లీ కొన్ని. నేలకి దగ్గరగా ఇంకొన్ని, చిన్నవి.

"ఆయన గోళ్లలో ఆకుపచ్చ రంగు ఉందని డాక్టరు రాశారు," అన్నాడు లేవకుండానే.

"ఊపిరాడక కొట్టుకున్నాడు. పాపం," అన్నాడు అధికారి.

"తెరుచుకునే తలుపును ఎవరూ గోకరండీ."

డిటెక్టివ్ లేచి మోకాళ్లు దులుపుకున్నాడు.

"గడియ బయట పెట్టారని నేనూ అంటున్నాను," ఇన్‌స్పెక్టర్ విసుక్కున్నాడు. "పెట్టింది ఈవిడే అంటున్నాను. సరే, ఒక పని చేద్దాం. మంగళవారం ఏం జరిగిందో చేసి చూపించమనండి. ఫ్యాను తిరుగుతుంటే పొగ రవ్వంత కూడా బయటికి రాదని మీ కళ్లతో మీరే చూద్దురుగాని. అప్పుడైనా మీ నోరు మూతపడుతుంది."

డిటెక్టివ్ ఒప్పుకున్నాడు. ఆయనకు కావలసింది కాస్త వ్యవధి. 

సహాయకురాలు చేతులకు తొడుగులు వేసుకుంది. పొగ అల్మారాలో గాజు పాత్ర పెట్టి, అందులో గుప్పెడు రాగి ముక్కలు వేసి, యాసిడ్ పోసి, గాజు తలుపు కిందికి దించింది. ద్రావణం ఆకుపచ్చగా మారింది. ఇటుకరంగు పొగ మెలికలు తిరుగుతూ లేచి బుద్ధిగా గొట్టంలోకి వెళ్లిపోయింది. ఇన్‌స్పెక్టర్ మహిళా కానిస్టేబుల్ని టీ తాగి రమ్మని పంపి, ఆ రోజు ఎలా ఉందో అలాగే ఉండాలంటూ తలుపు మూయించాడు. తాను స్విచ్చు పక్కనే గోడకి ఆనుకుని నిలబడ్డాడు.

గడియారం మూడూ అయిదు.

"నమూనా చూపిస్తారా?" అన్నాడు డిటెక్టివ్ అధికారితో.

అధికారి సీలు వేసిన కవరు చింపి ముక్కను బల్ల మీద పెట్టాడు. రెండు వేళ్ల వెడల్పున్న చదరపు రేకు. నాలుగు వైపులా, రెండు ముఖాలా పచ్చగా మెరుస్తోంది.

"ఇందులో చూడ్డానికేం ఉంది," అన్నాడు అధికారి. పాఠం చెప్పే గొంతు వచ్చేసింది. "తాపడం చేసిన రేకైతే పక్కనుంచి చూసినప్పుడు పైన బంగారం, మధ్యలో రాగి, కింద బంగారం పొరలుగా కనిపించాలి. అంచులు బోడిగా ఉంటాయన్నమాట. పూతైతే ద్రావణంలో ముంచుతారు గనక అంచుల మీద కూడా బంగారం ఎక్కుతుంది. ఇదిగో, నాలుగు అంచులూ పచ్చగా ఉన్నాయి. అందుకే పూత. కెమిస్టు రిపోర్టులో రాసిందీ ఇదే. సంతకం కూడా ఉంది. పన్నెండూ నలభైకి నేనే వచ్చి ఆయన చేతి మీదుగా తీసుకున్నాను."

"అప్పటికి ఫ్యాను తిరుగుతోందా?"

"ఆయన నవ్వుతూ మాట్లాడాడు. తిరుగుతూనే ఉండాలి కదా."

డిటెక్టివ్ ముక్కను చేతిలోకి తీసుకున్నాడు. బొటనవేలిని దాని అంచు వెంట మెల్లగా జరిపాడు. ఒక అంచు. రెండు. మూడు. నాలుగు. తర్వాత వేలు ఎత్తి అందరికీ చూపించాడు. గీత కూడా పడలేదు.

"మేస్త్రీ వేలు దీనికే తెగిందట."

"అయితే?" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

డిటెక్టివ్ సంచీలోంచి కత్తెర తీసి అధికారి ముందు పెట్టాడు. "ఒక్క మూల కోయండి. మీ చేత్తోనే."

"నేను అధికారిని. రేకులు కోసేవాణ్ని కాదు."

"అదేనండీ నేను అంటున్నది."

ఇన్‌స్పెక్టర్ కత్తెర లాక్కుని మూల పట్టుకుని కసుక్కుమనిపించాడు. చిన్న ముక్కోణం బల్ల మీద పడింది. కొత్తగా తెగినచోట రాగి ఎర్రగా, పచ్చిగా కనిపించింది. దాన్ని తీయబోయిన ఇన్‌స్పెక్టర్ చెయ్యి వెనక్కి లాక్కుని వేలు నోట్లో పెట్టుకున్నాడు.

"కోసుకుంది," అన్నాడు. ఆ తర్వాత ఒక్క క్షణం ఆగి, ముక్క వంకా, తన వేలి వంకా మార్చి మార్చి చూశాడు. మొండివాడే గాని మొద్దువాడు కాదు.

"పూత రేకైనా సరే, తాపడం రేకైనా సరే," అన్నాడు డిటెక్టివ్, "పెద్ద రేకు మూల కోస్తే కోసిన రెండు వైపులా రాగి బయటపడాలి. కత్తెర వేసిన చోట బంగారం మొలవదు కదా. ఈ ముక్కకి నాలుగు అంచులా బంగారం ఉంది. అంటే దీన్ని ఏ రేకులోంచీ కోయలేదు. ముందు ముక్కగా కోసి, ఆ తర్వాత పూత వేశారు. కవరులో మేస్త్రీ కోసిన ముక్క లేదు. ఎవరో మార్చారు."

అధికారి పుస్తకాన్ని ఇటు చంకలోంచి అటు చంకలోకి మార్చుకున్నాడు.

"మార్చినవాడికి సుంకాల పుస్తకం కంఠోపాఠం," డిటెక్టివ్ గొంతు పెంచలేదు. "అంచులు నిండి ఉంటే పూత, బోడిగా ఉంటే తాపడం. ఆ వాక్యాన్ని అక్షరాలా పాటించాడు. నాలుగు అంచులూ నింపాడు. ఏ మేస్త్రీ అయినా రెండు అంచులు వదిలేసేవాడు. జన్మలో కత్తెర పట్టనివాడు మాత్రమే ఇలా తయారు చేయిస్తాడు."

"చాలా బాగుంది," అన్నాడు అధికారి. "ముక్క మారితే మార్చింది కెమిస్టే ఎందుకు కాకూడదు? కవరు ఆయన దగ్గరే ఉంది. రిపోర్టు మీద సంతకం ఆయనదే. సరుకువాళ్లతో కుమ్మక్కయి ఉంటాడు. పోయినవాడి గురించి అనకూడదు గాని."

"అనకండి," అంది సహాయకురాలు.

అందరూ ఆమె వైపు చూశారు. ఆ గదిలో ఆమె అంత గట్టిగా మాట్లాడటం అదే మొదలు.

"ఆయన సంతకం గురించి నేనొకటి దాచాను సార్. రూలుకి విరుద్ధమని భయపడ్డాను. ఒకసారి తొడుగులు వేసుకుంటే ఆయన కాగితం ముట్టుకోరు. అందుకని పొద్దున్నే అయిదు ఖాళీ ఫారాల మీద సంతకాలు పెట్టి సొరుగులో పెట్టేవారు. ఫలితం చెప్తే నేను టైపు చేసేదాన్ని. ఆఫీసు మొత్తానికి తెలుసు. మంగళవారం రెండు టైపు చేశాను. మూడు మిగలాలి. సొరుగులో రెండే ఉన్నాయి."

"ఆ మూడోది ఆయనే టైపు చేసుకుని ఉంటాడు," అన్నాడు అధికారి.

"ఆయనకి టైపు రాదు సార్. నేర్పిస్తానంటే, ఈ వయసులో నా వేళ్లని ఎందుకమ్మా హింసిస్తావు అనేవారు."

ఇన్‌స్పెక్టర్ గోడకి ఆనుకునే ఉన్నాడు గాని ముఖంలో వెటకారం పోయింది. "అసలు ముక్క ఉంటేగా ఏదైనా తేలేది," అన్నాడు.

"లేదు," అధికారి వెంటనే అందుకున్నాడు. "నమూనాని యాసిడ్‌లోనే కరిగిస్తారు. పాత్రలో ఉన్నది ఆ రోజే పారబోశారు."

"అంతా కరిగిస్తారా అమ్మా?" డిటెక్టివ్ అడిగాడు. "ఆయన పద్ధతేమిటో మొదటి నుంచీ చెప్పు. తొందరేం లేదు."

"ముందు ముక్కని రెండు చేస్తారు. ఒకటి యాసిడ్‌కి. అందులో బంగారం ఎంతుందో తెలుస్తుంది గాని పూతో తాపడమో తెలియదు, అంతా కలిసిపోతుంది కదా. అందుకని రెండోదాన్ని నిలబెట్టి చుట్టూ రెసిన్ పోస్తారు, జిగురు లాంటిది. అది రాయిలా గట్టిపడ్డాక అరగదీసి, మైక్రోస్కోపు కింద అంచు చూస్తారు. గట్టిపడటానికి ఒక పూట పడుతుంది. అందుకే ఆయన ఏ రోజు నమూనాకి ఆ రోజు ఫలితం రాయరు."

"ఇది నాకెందుకు చెప్పలేదు?" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"మీరు స్విచ్చు గురించే అడిగారు సార్."

డిటెక్టివ్ గదంతా కలియజూశాడు. బల్ల మీద రెసిన్ బిళ్లల పళ్లెం ఉంది, అన్నిటి మీదా పాత తేదీలు. ఎవరో వాటిని కెలికిన ఆనవాళ్లు కూడా ఉన్నాయి. "తొందరగా గట్టిపడాలంటే ఏం చేసేవారు?"

ఆమె కిటికీ వైపు చూసింది. చూసి, అలాగే ఉండిపోయింది.

కిటికీ గట్టు మీద ఎండ పడుతోంది. అక్కడ ఒక ఖాళీ మందుసీసా, దాని పక్కన వెల్లకిలా పెట్టిన మూత. ఉబ్బసం మందు తాలూకుది. చూసినవాడెవడైనా పారేయాల్సిన చెత్త అనుకుంటాడు. డిటెక్టివ్ మూతను ఎత్తాడు. అంచు దాకా తేనెరంగు రెసిన్. మధ్యలో నిలువునా ఒక రేకు ముక్క. మూత వెనక సూదితో గీసిన తేదీ, మంగళవారానిది. పక్కనే పెట్టె నంబరు.

మూడు రోజుల ఎండకి అది బండరాయిలా బిగిసిపోయింది. గది సీలు వేసిన పోలీసులు తెలియకుండానే దానికి కాపలా కాశారు.

"అరగదియ్యమ్మా," అన్నాడు డిటెక్టివ్.

ఆమె గరుకు కాగితం తడిపి బిళ్లను గుండ్రంగా రుద్దసాగింది. ఇది ఆమెకు వచ్చిన పని. బయట నడవాలో బెంచీ కిర్రుమన్న చప్పుడు లోపలికి వినిపించింది. అధికారి తలుపు వైపు ఒకసారి చూసి చూపు తిప్పుకున్నాడు.

మూడూ ముప్ఫై అయిదుకి బిళ్ల మైక్రోస్కోపు కింద ఉంది.

"మీరు చూడండి," డిటెక్టివ్ ఇన్‌స్పెక్టర్‌తో అన్నాడు. "నేను చూసి చెప్తే మీరు నమ్మరు."

ఇన్‌స్పెక్టర్ వంగి కన్ను ఆనించాడు. చాలాసేపు అలాగే ఉన్నాడు.

"పైన ఒక పచ్చ పట్టీ," అన్నాడు మెల్లగా. "కింద ఒకటి. మందంగా ఉన్నాయి, గీత గీసినట్టు సమానంగా. మధ్యలో ఎరుపు. పక్కన... పక్కన బోడి. బంగారం లేదు."

"అది తాపడం. కెమిస్టు మర్నాడు చూడాల్సింది అదే."

ఇన్‌స్పెక్టర్ నిటారుగా లేచి, మళ్లీ వెళ్లి తన గోడకి ఆనుకున్నాడు. ఈసారి చూపు అధికారి మీద ఉంది. "ఈ కంపెనీ సరుకు ఇంతకుముందు ఎన్నిసార్లు వచ్చింది సార్?"

"రికార్డు చూడాలి."

"నేను చూశాను," అన్నాడు డిటెక్టివ్. "పదకొండుసార్లు. పదకొండుసార్లూ నమూనా కోయకుండానే పూత అని రాసి పంపేశారు, మీ సంతకంతో. పన్నెండోసారి కెమిస్టు కోయించాడు. ఈ బిళ్ల చూసి ఉంటే మిగతా పదకొండూ తవ్వేవాడు. పన్నెండూ నలభైకి ఆయన నవ్వుతూ మాట్లాడాడన్నారు. అప్పటికి తలుపు బయట గడియ పెట్టి ఉంది, ఆయన లోపల రంగు గోకుతున్నాడు. మీరొచ్చింది ఆ చప్పుడు ఆగాక. కవరు మార్చి, సొరుగులో ఫారం తీసుకుని, బిళ్లల పళ్లెం కెలికారు. ఈ మూత మీ కంటపడలేదు."

"నేను ఎవరినీ చంపలేదు," అన్నాడు అధికారి. పెదాలు తెల్లబడ్డాయి. "నేను గడియ పెట్టలేదు. ఫ్యాను నేను..."

"ఫ్యాను మీరు ఆపలేదు, నిజమే అయి ఉంటుంది. స్విచ్చు ఆన్‌లో ఉండగానే ఆగిందని ఈ అమ్మాయి చెప్తోంది. అది నమ్మితే, ఫ్యానును ఆపి, పోలీసులు వచ్చేలోపు మళ్లీ తిరిగేలా చేసే చోటు ఇంకెక్కడో ఉండాలి. ఈ ఫ్యానుకి ఫ్యూజు ఎక్కడుంది?"

అధికారి కళ్లు తలుపు వైపు, తలుపు అవతలి గోడ వైపు వెళ్లాయి. బూడిదరంగు ఇనుప పెట్టె డిటెక్టివ్ కళ్ల ముందు మెదిలింది. దాని కింద బెంచీ. బెంచీ మీద ఇస్త్రీ చొక్కా.

బయట బెంచీ మళ్లీ కిర్రుమంది.

ఫ్యాను చప్పుడు సన్నబడింది. రెక్కలు రెండు మూడు చుట్లు బద్ధకంగా తిరిగి ఆగిపోయాయి. గదిలో లైటు వెలుగుతూనే ఉంది.

అందరి తలలూ ఒకేసారి స్విచ్చు వైపు తిరిగాయి. దానికి జానెడు దూరంలో ఇన్‌స్పెక్టర్ భుజం ఉంది. స్విచ్చు ఆన్‌లోనే ఉంది.

"నేను ఆపలేదు," అన్నాడు ఇన్‌స్పెక్టర్.

అనేశాక ఆ మాట తనకే వినిపించినట్టు ఆగిపోయాడు. సహాయకురాలి వంక చూశాడు. ఆమె తొడుగుల చేతులు రెండూ బల్ల మీదే ఉన్నాయి, అందరికీ కనిపించేలా. మూడు రోజులుగా తాను చెప్తున్న మాటే అది అని ఆమె అనలేదు. అతను స్విచ్చు ఒకసారి నొక్కాడు, మళ్లీ నొక్కాడు, మళ్లీ నొక్కాడు. ఆమె నొక్కినట్టే.

తలుపు అవతల గడియ నెమ్మదిగా, తొందరేమీ లేనట్టు, పడింది.

అందరికంటే ముందు తలుపు దగ్గరికి పరుగెత్తింది అధికారి. చంకలో పుస్తకం నేల మీద పడిపోయింది. రెండు అరచేతులతో ఆకుపచ్చ రేకు మీద బాదాడు.

"ఒరేయ్, నేను లోపలే ఉన్నాను," అన్నాడు. "వినపడుతోందా? నేను కూడా లోపలే ఉన్నానురా."

నడవాలో బూట్ల చప్పుడు దూరమవుతోంది. ఎక్కడా వేగం పెరగలేదు.

డిటెక్టివ్ రెసిన్ బిళ్లను పిడికిట్లో బిగించాడు. పొగ అల్మారాలో రాగి ఇంకా కరుగుతూనే ఉంది. గొట్టంలోకి వెళ్లే దారి మూసుకుపోయిన ఇటుకరంగు పొగ కాసేపు గాజు వెనక సుడి తిరిగింది. ఆ తర్వాత గాజు తలుపు కింది సందులోంచి బల్ల మీదికి పాకడం మొదలుపెట్టింది.